ఆకాశానికి చెక్కుబందీ

పోయిన నెల మా బడి మిద్దె మీద శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ బిగించడానికి నంద్యాల నుంచి టెక్నీషియన్ వచ్చాడు. ఆటోలోంచి అట్టపెట్టె దించి, మెట్ల మీద పెట్టి, టేపు కోయబోతున్నాడు. ఆ పెట్టె కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినదాన్ని నేను. రా నాయనా, మంచినీళ్లు తాగు అనాలి కదా. నా నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"కాగితం ఉండాదా అప్పా?"

అతను చేయి ఆపాడు. "ఏం కాగితం మేడం?"

"పర్మిషన్ కాగితం. పైన తిరిగేదానికి, కింద పెట్టేదానికి, రెండిటికీ."

నన్ను ఎగాదిగా చూసి, "ఇంతవరకు ఎవురూ అడగలే" అంటూ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కాగితం ఉంది. లైసెన్సు నంబరూ ఉంది, ముద్రా ఉంది. చదువుతున్నట్టు పట్టుకున్నానే గాని నాకు అక్షరాలు కనబడలేదు. ఎందుకంటే ఆ మాట నాది కాదు. ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే సందు మొగదల డిష్‌ల అంగడి పెట్టుకున్న ఒక భాయ్‌ది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ మాట మాత్రం నా నోట్లో కాపురం పెట్టింది.

ఆయన పేరు రాయను. "నా పేరు యాడన్నా రాయాలంటే ముందు నా సంతకం తీసుకోవాల" అనేవాడు. ఇప్పుడా సంతకం నేనెక్కడి నుంచి తెచ్చేది?

పొట్టి మనిషి. చెవి మీద పెన్సిలు, మెడలో నల్లదారానికి దిక్సూచి. చుట్టూ శిల్పుల కొట్టాలు కాబట్టి అంగడిలోని డిష్‌ల మీద పొద్దస్తమానం రాతిపొడి పడేది. పొద్దున్నే తలుపు తీసి, ఒక్కో డిష్‌ను గుడ్డతో తుడిచి, వేలితో టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కుండ కొనేటప్పుడు మా అమ్మ అట్లాగే చేస్తుంది. అందులో ఏం వినబడేదో ఆయనకే తెలియాలి. ఒకసారి అడిగితే, "ఏమీ వినపడదు. అలవాటు" అన్నాడు.

ఆయన నాయన రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చాప వేసుకుని దస్తావేజులు రాసేవాడట. భూమి అమ్మినప్పుడు తూర్పున ఎవరు, పడమర ఎవరు అని నాలుగు వైపులా హద్దులు రాస్తారే, చెక్కుబందీ, అది చిన్నప్పుడే ఈయన ఒంటికి పట్టేసింది. డిష్‌ల పనిలోకి దిగినా వదల్లేదు. ఉపగ్రహాలను పేర్లతో పిలిచేవాడు కాదు. అవి ఆకాశంలో ఎన్నో డిగ్రీ దగ్గర నిలబడి ఉంటాయో ఆ అంకెతో, సర్వే నంబరు చెప్పినట్టు చెప్పేవాడు.

"ఎనభై మూడు నంబరుకు తూర్పున తొంభై మూడున్నర. పడమర డెబ్బై నాలుగు. ఉత్తరం, దక్షిణం పోరంబోకు."

"పోరంబోకా?"

"ఎవురికీ రాసియ్యని జాగా పోరంబోకే గదా టీచరమ్మా!"

మొదటిసారి ఆయన్ని పిలిచింది ఆళ్లగడ్డలో మా అద్దె ఇంటికి డిష్ పెట్టించడానికి. రాగానే కనెక్షన్ రసీదు అడిగాడు. ఇంటిగలాయన ఒప్పుకున్నట్టు కాగితం అడిగాడు. అవి రెండూ చూశాకే మిద్దె ఎక్కాడు. ఎక్కి, డిష్ బిగించి, నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. తూర్పున నీళ్ల ట్యాంకు, పడమర కొబ్బరిచెట్టు, దక్షిణం పక్కింటి పిట్టగోడ. మా అమ్మ వంటింట్లోంచి ఊరంతా వినబడేట్టు అడిగింది.

"ఏమే, ఈయప్ప డిష్ పెట్టనీకి వచ్చినాడా, ఇల్లు రాయించుకోనీకి వచ్చినాడా?"

మిద్దె మీద నుంచి జవాబు. "రేపు గాలికి తిరిగిపోతే యాడుండేదో తెలియాల గదా పెద్దమ్మా!"

ఎండాకాలం గాలివానకు తిరిగే పోయింది. వీధిలో అందరూ మిద్దెలెక్కి "వచ్చిందా? వచ్చిందా?" అని అరుచుకుంటుంటే, ఈయన వచ్చి, నోటుబుక్కు చూసి, డిష్‌ను రెండు వేళ్లతో జరిపి దిగిపోయాడు. ఆ రోజు నుంచి మా అమ్మ ఆయన్ని టీ ఇవ్వకుండా పంపలేదు.

ఇంత మాత్రమే అయితే ఆయన ఊళ్లో ఒక చాదస్తపు మనిషి, అంతే. అసలు సంగతి ఢిల్లీ ఉత్తరాలు.

ఉపగ్రహాల కంపెనీలకు లైసెన్సులు ఏ షరతుల మీద ఇవ్వాలో తేల్చుకునేముందు ఢిల్లీలో సర్కారు వాళ్లు ఒక ప్రశ్నల పత్రం బయటపెడతారు. ఫలానా తేదీలోగా ప్రజలు తమ అభిప్రాయాలు చెప్పవచ్చు అంటారు. పెద్ద పెద్ద కంపెనీలు వకీళ్లను పెట్టి జవాబులు రాయిస్తాయి. ప్రజలు అన్న మాటను నిజంగా నమ్మిన ప్రజ, నాకు తెలిసినంతలో, ఆళ్లగడ్డలో ఒక్కరే ఉన్నారు.

ఆయన దాన్ని ఏమనుకున్నాడంటే, పేపర్లో వేస్తారు చూడండి, ఈ భూమి కొంటున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా తెలుపగలరు అని, అదే అనుకున్నాడు. "గడువులోపల చెప్పకపోతే మనం ఒప్పుకున్నట్టే టీచరమ్మా. రేపు ఏమన్నా అయితే, ఆ పొద్దు నువ్వు నోరు మూసుకోని ఉంటివి గదా అంటారు." ఆకాశం కింద బతికేవాడిగా తనకు హక్కుందని ఆయన లెక్క. అందుకే ప్రతి పత్రానికీ జవాబు రాసేవాడు. నచ్చకపోతే 'అభ్యంతరం'. నచ్చితే 'అభ్యంతరం లేదు'. అభ్యంతరం లేదని చెప్పడానికి కూడా నాలుగు పేజీలు పట్టేది.

ఆ పత్రాలు ఇంగ్లీషులో ఉండేవి. ఆదివారం పొద్దున ప్రింటు తీసుకుని మా ఇంటికి వచ్చేవాడు. నేను చదివి తెలుగులో చెప్పాలి. విని, దస్తావేజు భాషలో, గుండ్రటి అక్షరాలతో తెలుగులోనే రాసేవాడు. ఢిల్లీలో తెలుగు ఎవరు చదువుతారు భాయ్ అంటే, "చదివేటోన్ని పెట్టుకోవాల్సింది వాళ్లు. అడిగింది వాళ్లే గదా" అనేవాడు. నేను తర్వాతి పేరా చదివేదాన్ని.

రాసింది ముట్టినట్టు కార్డు వెనక్కి వచ్చేలా రిజిస్టరు పోస్టు చేసేవాడు. ఢిల్లీ ముద్రతో కార్డు వస్తే, రంధ్రం పొడిచి ఫైలులో దారం కట్టేవాడు. ఆయన భార్య, నేను ఆపా అని పిలుస్తాను, ఆ ఫైలు కనబడితే చాలు మొదలుపెట్టేది.

"ఢిల్లీ నుంచి జవాబొచ్చిందా?"

"కార్డొచ్చింది."

"కార్డు పోస్టోడు ఇచ్చేది. నేనడిగేది జవాబు."

"రాసింది యాడికీ పోదు. యాడో ఒక ఫైల్లో ఉంటాది" అని ఆయన నవ్వేవాడు. ఆపా నా వైపు తిరిగి, "చూడు టీచరమ్మా, ఈయప్ప మొగానికి ఢిల్లీ జవాబిస్తాదంట!" అనేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, అది వేరే సంగతి.

ఇక మా బడి గొడవ.

నల్లమల కొండ అంచున చిన్న ఊరు. పద్దెనిమిది మంది పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. పొద్దున తొమ్మిదిలోగా ఫోన్లో మొహం చూపిస్తేనే నేను వచ్చినట్టు. పిల్లల హాజరు ఫోన్లో ఎక్కిస్తేనే పిల్లలు వచ్చినట్టు. ఊళ్లో సిగ్నల్ లేదు. కాబట్టి లెక్క ప్రకారం రోజూ నేనూ లేను, పిల్లలూ లేరు. చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్ల ట్యాంకు ఎక్కి చేయి చాపితే, గాలి బాగుంటే ఒక గీత వచ్చేది. ఊళ్లో ముసలివాళ్లకు అదే పొద్దుటి సినిమా.

చివరికి నోటీసు వచ్చింది. హాజరు సున్నా కాబట్టి ఈ బడిని వాగు అవతలి బడిలో కలుపుతామని, నెలలోగా సంజాయిషీ ఇవ్వమని. వానొస్తే ఆ వాగు పెద్దవాళ్లే దాటలేరు. బడి అటు పోతే మా పిల్లల్లో సగం మంది గొర్రెల వెంట పోతారు. నాకు అన్నం సయించలేదు.

అప్పుడు దొర్నిపాడు నుంచి వచ్చి మా ఊళ్లో సేద్యం చేసుకునే పెద్దరైతు ఒకాయన దేవుడిలా ప్రత్యక్షమయ్యాడు. బంధువు ఎవరో దుబాయ్ నుంచి తెచ్చిన పెట్టె ఇచ్చాడు. పిజ్జా పెట్టె అంత పలక. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి నేరుగా ఇంటర్నెట్ పడుతుందట. నేను ఎగిరి గంతేసి భాయ్‌ని పిలుచుకొచ్చాను. ఆయన పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"కాగితం?"

"దుబాయ్‌ది భాయ్, కాగితం ఎందుకు?"

"ఈ కంపెనీకి మన దేశంలో ఇంకా లైసెన్సు రాలే టీచరమ్మా. అర్జీ పెట్టుకోనుండారు. ఢిల్లీలో చూస్తాండారు."

"ఈ కొండ కింద ఎవరు చూస్తారు?"

"ఎవురూ చూడరు. అందుకే పెట్టను."

రైతుకు కోపం వచ్చింది. "ఏందప్పా నీ యవ్వారం? పూచీ నాది అంటాండా గదా!"

"అన్నా, నీ చేన్లోకి ఎవుడో వచ్చి పాసుబుక్కు లేకుండా మడక కడితే ఏం చేస్తావ్?"

"కాళ్లు ఇరగ్గొడతా."

"ఆకాశానికి అట్ల ఇరగ్గొట్టేటోడు లేడన్నా. అంతే తేడా."

నాకు ఒళ్లు మండిపోయింది. మీ కాగితాల పిచ్చి మీరే ఉంచుకోండి, పద్దెనిమిది మంది పిల్లల నోట్లో మట్టి కొడుతున్నారు, మీ ఉత్తరాలు ఢిల్లీలో చెత్తబుట్టలో కూడా ఉండవు అని, అనరాని మాటలన్నీ అనేశాను. పిల్లలు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఆయన పెట్టెకు ఊడిన టేపును వేలితో నొక్కి మళ్లీ అంటించాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "బడి పోతాండేది కాగితంతోనే గదా. కాగితంతోనే ఆపాల" అన్నాడు. ఏం ఆపుతావులే పో అనుకున్నాను.

మూడో రోజు పొద్దున బడికి పోతే అప్పటికే ఆయన వాకిట్లో ఉన్నాడు. మూడు కంపెనీల ఫోన్లు, కొలిచే టేపు, డబ్బాలో సున్నం, క్లిప్పు అట్టకు దస్తావేజు కాగితాలు. ఊళ్లో ఐదుగురిని పంచులుగా, అంటే సాక్షులుగా పిలిపించాడు. బడి గడపలోంచి నాలుగు దిక్కులకూ ఫోన్లు పట్టుకుని నడిచాడు. ఎక్కడ మొదటి గీత కనబడితే అక్కడ రాయి మీద సున్నం పూశాడు. పిల్లలంతా వెనకే. ఆ రోజు పాఠం ఏమీ జరగలేదు, దిక్కులు మాత్రం అందరికీ వచ్చేశాయి.

మధ్యాహ్నానికి పంచనామా తయారైంది. తూర్పు కొండ వరకు లేదు. పడమర రోడ్డు మలుపు వరకు లేదు. మూడు ఫోన్లు పంచుల సమక్షమున చేతబట్టి చూడగా సిగ్నల్ కనబడనందున ఇందుమూలముగా, అని. వేలిముద్రల దగ్గర మాత్రం పంచుల్లో ఒకడైన గొర్రెల తాత మొరాయించాడు.

"లేనిదాన్ని చూసినా అని యాలిముద్ర ఎట్ల ఏస్తానప్పా?"

"లేదని చూస్తివా లేదా తాతా?"

"చూస్తి."

"దానికే ఏయి."

తాత బొటనవేలు ముందుకు చాపాడు.

మరునాడు నంద్యాల విద్యాశాఖ ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అధికారి మంచాయనే. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి భాయ్ వైపు చూశాడు.

"పంచనామా అంటే ఉన్నదానికి రాస్తారు. లేనిదానికి రాయడం ఎక్కడ చూశావయ్యా?"

"దొంగతనం జరిగితే, పోయిన సొమ్ము ఆడ లేదనే గదా సార్ రాసేది."

అధికారి పెద్దగా నవ్వేశాడు. గుమాస్తాలు తలలెత్తి చూశారు. "దీన్ని కాదనాలంటే నేను మీ ఊరొచ్చి, సిగ్నల్ ఉందని ఇంకో పంచనామా రాయాలి. నా వల్ల కాదు" అంటూ, కనెక్షన్ వచ్చేవరకు మా బడికి పుస్తకంలో వేసే హాజరే చెల్లుతుందని రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చి నేను ఏడ్చాను. సంతోషంతోనే. బస్సు ఎక్కి కూర్చున్నాక భాయ్ కాళ్లు మొక్కాలనిపించింది. "భాయ్, ఆ రోజు నేనన్న మాటలు..." అని మొదలుపెట్టాను.

"రసీదు తీసుకుంటివా?"

"ఏ రసీదు?"

"మన కాపీ మీద ముట్టినట్టు ముద్ర."

తీసుకోలేదు. బస్సు ఆపించి దింపాడు మనిషి! ఎండలో మళ్లీ ఆఫీసుకు నడిపించి ముద్ర వేయించాకే వదిలాడు. నా క్షమాపణ ఆ ఎండలో ఎక్కడో పడిపోయింది. తర్వాతి బస్సులో కిటికీలోంచి కొండల వైపు చూస్తూ అన్నాడు. "యాగంటిలో కాకి వాలదు, మీ ఊర్లో సిగ్నల్ వాలదు. ఆడన్నా రుషి శపించినాడంటారు. ఈడ శపించినోడు గూడా లేడు. ఎవురూ పట్టించుకోలే, అంతే."

ఆ తర్వాత ఢిల్లీ నుంచి ఇంకో ప్రశ్నల పత్రం వచ్చింది. ఈసారి దుబాయ్ పెట్టె లాంటి వాటి గురించి, అంటే ఒకచోట నిలబడకుండా గుంపులుగా భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల లైసెన్సుల గురించి. ఆదివారం చదివి చెబుతుంటే ఆయన పెన్సిలు కింద పెట్టేశాడు.

"నిలబడవా?"

"నిలబడవు భాయ్. తిరుగుతూనే ఉంటాయి."

"మరి చెక్కుబందీ ఎట్ల రాసేది?"

అంత దిగులుగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. మా అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయింది. రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వచ్చి నాలుగు పేజీలు నా చేతిలో పెట్టాడు. పైన ఎప్పుడూ లేని మాట ఉంది. 'అభ్యంతరం లేదు. ఒక్క షరతు మీద.'

"పైన హద్దులు రాయనీకి కాకపోతే కిందన్నా రాయాల గదా" అన్నాడు. లైసెన్సు ఇచ్చే ముందే సిగ్నల్ లేని ఊర్లకు హద్దులు కొలిచి రాసుకోవాలట. కంపెనీ ఎవరైనా సరే, ముందు ఆ ఊర్ల బడులకు ఇవ్వాలట. ఎలా కొలవాలో మాదిరి కోసం మా బడి పంచనామా నకలు జతచేశాడు, నంద్యాల ముద్రతో సహా. నన్ను ఎండలో వెనక్కి నడిపించిన ముద్ర అది.

కార్డు వచ్చింది. ఫైలుకెక్కింది. జవాబొచ్చిందా అని ఆపా అడిగింది. ఆయన నవ్వాడు. వానలు మొదలైనప్పుడు నాలుగు రోజులు జ్వరంతో పడుకుని, ఐదో రోజు పోయాడు. క్షమాపణ నాకే మిగిలింది.

పోయిన నెల మిద్దె మీద టెక్నీషియన్ పని ముగించి, "వచ్చింది మేడం!" అని అరిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజానికి నేను ముందు హాజరు వేయాలి. వేయలేదు. ఢిల్లీ వాళ్ల సైటు తెరిచాను. జనం పంపిన అభిప్రాయాలన్నీ అందులో పెడతారని తెలుసు గాని, అంత పెద్ద ఫైళ్లు ఫోన్ సిగ్నల్ మీద తెరుచుకునేవి కావు. వాటి కోసం వేరేచోట కూర్చుని వెతకాలని నాకూ ఎప్పుడూ తోచలేదు. కంపెనీల పేర్లు వరసగా ఉన్నాయి. అన్నిటికీ కింద, వ్యక్తులు అనే చోట, ఆయన పేరు. నొక్కితే ఆ గుండ్రటి అక్షరాలు, నాలుగు పేజీలు, ఒక్కటి పోలేదు. చివర జతచేసిన పంచనామా మీద గొర్రెల తాత వేలిముద్ర.

ఆ పక్కనే ఉన్న సర్కారు నివేదిక కూడా కూర్చుని చదివాను. ఎంతో దూరం పోయాక ఒక వాక్యం దొరికింది. సిగ్నల్ లేని గ్రామాల హద్దులను నమోదు చేసి, అక్కడి బడులకు ముందుగా సేవ అందించాలని ఒక వ్యక్తి సూచించారు, అని. అంతే. మా బడికి డిష్ ఆ వాక్యం వల్లే వచ్చిందని నేను చెప్పను. నాకు తెలియదు. కానీ ఎవరో చదివారు. తెలుగు చదివే మనిషిని పెట్టుకునే చదివారు.

ఆ పేజీ ప్రింటు తీసుకుని సాయంత్రం ఆళ్లగడ్డలో ఆపా దగ్గరికి పోయాను. చదివి తెలుగులో చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"ఆ 'ఒక వ్యక్తి' అంటే మా ఆయనేనా?"

"ఆయనే ఆపా."

లోపలికి పోయి ఫైలు తెచ్చింది. కాగితానికి తానే రంధ్రం పొడిచి, ఆ చివరి కార్డు మీద పెట్టి, దారం ముడి వేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"జవాబు మనకు ముట్టినట్టు వాళ్లకు తెలియాల గదా టీచరమ్మా? లేకపోతే రాలేదనుకోరూ?"

మరుసటి రోజు ఇద్దరం పోస్టాఫీసుకు పోయాం. తెల్లకాగితం మీద ఒకే మాట రాయించింది: ముట్టింది. కింద తన సంతకం పెట్టింది. కార్డు వెనక్కి వచ్చేలా రిజిస్టరు చేసి ఢిల్లీకి పంపాం.

కార్డు ఇంకా రాలేదు. నిన్న అటు పోతే పోస్టాయన నన్ను ఆపి మొరపెట్టుకున్నాడు. ఆపా అంగడి గడపలో కూర్చుని, రోజూ ఆయన సైకిల్ ఆపి, "ఢిల్లీ నుంచి వచ్చిందా?" అని అడుగుతోందట.